పన్ను రాని నేల పనికిరాని నేలా?

సోలాపూర్ పేరు చెప్తే బయటివాళ్లకు చాదర్లు, సిద్ధేశ్వరుడి గుడి గుర్తొస్తాయి. మన తెలుగు ఇండ్లలో అయితే మిల్లుల సైరన్లు, మగ్గాల చప్పుడు, తెలంగాణ నుంచి వలస వచ్చిన తాతముత్తాతల కథలు చెప్తారు. ఈ చరిత్ర మనందరికీ కొంత తెలుసు. ఊరి నుంచి సుమారు 20 కిలోమీటర్లు పోతే నాన్నజ్ అనే ఊరు వస్తుంది. అక్కడి గడ్డినేలకు కూడా ఒక చరిత్ర ఉంది. అది మన పాఠ్యపుస్తకాల్లో లేదు, అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

మరాఠీలో ఇట్లాంటి నేలను మాళ్ అంటారు, మాళ్‌రాన్ అని కూడా అంటారు. సహ్యాద్రి కొండలు వాన మబ్బులను పడమటి దిక్కునే ఆపేస్తాయి కాబట్టి మన జిల్లాకు వాన తక్కువ. ఏడాదికి సగటున 600 మిల్లీమీటర్లు కూడా దాటదు. ఎత్తు ప్రాంతాల్లో నల్లరాయి మీద పలుచగా మొరం మన్ను ఉంటుంది. అక్కడ దట్టమైన అడవి పెరగదు, గడ్డి పెరుగుతుంది, నడుమ నడుమ తుమ్మ, తంగేడు కనిపిస్తాయి. ఎండాకాలంలో చూస్తే అంతా చచ్చిపోయినట్టు ఉంటుంది. కానీ వేళ్లు మట్టిలో బతికే ఉంటాయి. మొదటి వాన పడ్డాక వారం పది రోజుల్లోనే నేల పచ్చబడుతుంది. కుసళి అనే గడ్డి గింజకు బాణం లాంటి ముల్లు, పొడుగాటి తోక ఉంటాయి. తడి తగిలితే ఆ తోక మెలి తిరుగుతూ గింజను మట్టిలోకి దింపుతుంది. తనను తానే నాటుకునే ఇట్లాంటి గడ్డికి మన సాయం పెద్దగా అక్కర్లేదు, పాడు చేయకుండా ఉంటే చాలు.

పూర్వం ఇక్కడ పెద్ద అడవి ఉండేది, మనుషులు నరికేస్తే గడ్డి మిగిలింది అని చాలామంది అనుకుంటారు. నేను కూడా అట్లాగే విన్నాను. అయితే కొందరు పరిశోధకులు పాత మరాఠీ సాహిత్యాన్ని, జానపద కథలను వెతికి చూశారు. వాళ్ల పరిశోధన 2025లో అచ్చయింది. 13వ శతాబ్దం నాటి నుంచే పశ్చిమ మహారాష్ట్ర వర్ణనల్లో గడ్డి, ముళ్ల చెట్లు, పశువుల మేత కనబడుతున్నాయని వాళ్లు చూపించారు. అంటే ఈ గడ్డినేల కనీసం 750 ఏండ్ల పాతది. శాసనాలు, కోటలు మాత్రమే చరిత్రకు ఆధారాలు కావని, ఒక పాత కథలో వచ్చే చెట్టు పేరు కూడా ఆధారమేనని దీంతో నాకు అర్థమైంది.

ఇన్ని వందల ఏండ్లు ఈ గడ్డిని వాడుకున్నది ఎవరు? గొర్రెల కాపరులు. ఇక్కడ ధన్‌గర్‌లు, తెలంగాణలో గొల్ల కురుమలు. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే దుప్పటిని మరాఠీలో ఘోంగడి అంటారు, మన తెలుగులో గొంగడి అంటారు. మాట ఒకటే, గొర్రె ఒకటే, ఆ గొర్రె తినే గడ్డి కూడా ఒకే రకం నేలది. తెలంగాణ ఊళ్లలో మేత కోసం విడిచిన నేలను కంచ అంటారు. నాన్నజ్ గురించి అడిగితే మా తాత, "అది బీడు కాదు బిడ్డా, కంచ అనుకో. కంచలే లేకుంటే గొర్లేం తింటయి?" అన్నాడు. ఆ ఒక్క మాటలోనే ఆ నేలకు విలువ ఉన్నది.

మరి ఆ విలువ ఎప్పుడు పోయింది? బ్రిటిష్‌వాళ్లు బొంబాయి ప్రెసిడెన్సీలో రైతువారీ శిస్తు కోసం భూములు కొలిచారు. గోల్డ్‌స్మిడ్, వింగేట్ అనే అధికారుల ప్రసిద్ధమైన సర్వే 1836 ప్రాంతంలో మన పక్కనే ఉన్న ఇందాపూర్ తాలూకాలో మొదలైంది. సాగు చేస్తే శిస్తు వస్తుంది. గడ్డి పెరిగితే సర్కారుకు పెద్దగా ఏమీ రాదు. అందుకని సాగులో లేని నేలను లెక్కల్లో "వేస్ట్" అని రాసుకున్నారు. అడవి శాఖ చూపు కూడా కలప ఇచ్చే చెట్ల మీదే. కలపా లేదు, శిస్తూ లేదు, ఇంకేముంది అని గడ్డినేలను వదిలేశారు. ఆ మాట స్వాతంత్ర్యం తర్వాత కూడా పోలేదు. 1985లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ పేరే జాతీయ బంజరు భూముల అభివృద్ధి మండలి. బంజరు అని ఒకసారి కాగితం మీద రాస్తే, దాన్ని మార్చడమే అభివృద్ధి అనిపిస్తుంది.

ఈ నేలలో బతికే ఒక పక్షి ఉంది. తెలుగులో బట్టమేక పిట్ట, మరాఠీలో మాళ్‌ఢోక్. దాని పేరులోనే మాళ్ ఉంది. మగ పక్షి సుమారు మీటరు ఎత్తు, 15 కిలోల దాకా బరువు ఉంటుంది. ఎగరగలిగే పక్షుల్లో బాగా బరువైనవాటిలో ఇది ఒకటి. గూడు కట్టదు, గడ్డిలో నేల మీదే మామూలుగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. మిడతలను తింటుంది కాబట్టి రైతుకు మేలే చేస్తుంది. సలీం అలీ దీన్ని జాతీయ పక్షిగా ప్రకటించాలని కోరారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. ఒకప్పుడు వేట వల్ల, తర్వాత గడ్డినేల పోవడం వల్ల ఈ పక్షి తగ్గుతూ వచ్చింది.

ఇప్పుడు నాన్నజ్ దగ్గరికి వద్దాం. 1972 కరువు గురించి మన ఇండ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తుంటారు. ఆ తర్వాత 1973-74లో కేంద్రం కరువు పీడిత ప్రాంతాల కార్యక్రమం మొదలుపెట్టింది. దాని కింద నాన్నజ్ దగ్గర అడవి శాఖ కొన్ని నేల తునకలను కాపాడి గడ్డి పెంచింది. పశువులకు మేత దొరకాలి, మట్టి కొట్టుకుపోకూడదు అన్నదే ఉద్దేశం. మేత ఒత్తిడి తగ్గేసరికి గడ్డి లేచింది. గడ్డిలో మిడతలు పెరిగాయి, కృష్ణజింకలు వచ్చాయి, బట్టమేక పిట్టలు గుడ్లు పెట్టడానికి చోటు దొరికింది. కరువు పని కోసం చేసింది పక్షికి కూడా మేలు చేసింది. 1979లో సోలాపూర్, అప్పటి అహ్మద్‌నగర్ జిల్లాల్లో బట్టమేక అభయారణ్యం ప్రకటించారు. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు ఇక్కడ కూడా ఆ పక్షి మీద పరిశోధన చేశారు.

అయితే ఆ అభయారణ్యం విస్తీర్ణం 8,496 చదరపు కిలోమీటర్లు. అందులో ఊళ్లున్నాయి, పొలాలున్నాయి, రోడ్లున్నాయి. నిజమైన గడ్డినేల అక్కడక్కడా తునకలు తునకలుగా మాత్రమే ఉంది. భూమి అమ్మాలన్నా, కట్టడం కట్టాలన్నా జనానికి అనుమతుల చిక్కులు వచ్చాయి. దాంతో పిట్ట మీద ప్రేమ పుట్టాల్సిన చోట కోపం పుట్టింది. చివరికి సుప్రీంకోర్టు అనుమతితో విస్తీర్ణాన్ని సుమారు 1,222 చదరపు కిలోమీటర్లకు తగ్గించారు. ఈలోపు 1980లో భీమా నది మీద ఉజనీ డ్యామ్ పూర్తయింది. నీళ్లు వచ్చిన చోట జొన్న పోయి చెరకు వచ్చింది. నాన్నజ్ చుట్టుపక్కల ద్రాక్ష తోటలు వచ్చాయి. రైతును తప్పు పట్టలేం, జొన్నతో ఇల్లు గడవడం కష్టం. కానీ జొన్న చేనులో తిరిగే పక్షి చెరకు తోటలో తిరగలేదు. కరెంటు తీగలు కూడా ఈ పక్షికి పెద్ద గండమే. ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్నది దానికి సరిగ్గా కనబడదు, బరువు వల్ల చివరి నిమిషంలో పక్కకు తిరగలేదు.

ఇంకో దెబ్బ మంచి మనసుతోనే తగిలింది, చెట్లు నాటడం ద్వారా. కర్ణాటకలోని రాణిబెన్నూరులో కృష్ణజింకల అభయారణ్యం ఉంది. అక్కడి గడ్డినేలలో పెద్ద ఎత్తున నీలగిరి చెట్లు నాటారు. దూరం నుంచి చూస్తే పచ్చగా ఉంటుంది. కానీ నాలుగు దిక్కులా ఖాళీ కనబడితే తప్ప ధైర్యంగా ఉండలేని బట్టమేక పిట్టకు ఆ చోటు లేకుండా పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు ప్రాంతపు రోళ్లపాడు కథ మన నాన్నజ్‌కు అక్కలాంటిది. 1988లో 614 హెక్టార్లలో అభయారణ్యం పెట్టారు. లోపల గడ్డి బాగానే వచ్చింది, జింకలు పెరిగాయి. చుట్టూ పంటలు మారిపోయాయి, జింకలు చేలల్లో పడితే రైతులకు నష్టం వచ్చింది. అక్కడ కూడా కొన్నేండ్లుగా బట్టమేక పిట్ట కనబడటం లేదు. నాన్నజ్‌లో ఈమధ్య లెక్కల్లో ఒకటి రెండుకు మించి రావడం లేదు. దేశం మొత్తం మీద మిగిలినవి 150 లోపే అంటున్నారు, వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోని జైసల్మేర్ వైపు ఉన్నాయి. అక్కడ 2019 నుంచి గుడ్లు సేకరించి పిల్లలను పెంచుతున్నారు.

మరి పిట్ట పోయాక గడ్డి ఎందుకు అని ఎవరైనా అడగొచ్చు. నాన్నజ్ గడ్డిలో తోడేళ్లున్నాయి, జింకలున్నాయి, వానాకాలంలో వచ్చే పక్షులున్నాయి. గడ్డి వేళ్లు వాన నీటిని పట్టి మట్టిని ఆపుతాయి. కాపరి గొర్రెలకు అదే అన్నం. రాజస్థాన్‌లో పెంచుతున్న పిల్లలకు రేపు వదలడానికి చోటు కావాలన్నా గడ్డినేల ఉండాలి గదా.

గడ్డినేలను బాగు చేయడం అంటే ఏం చేయాలో కూడా ఈ చరిత్రే నేర్పుతుంది. సర్కారు తుమ్మ లాంటి బయటి చెట్లను వేళ్లతో సహా తీసేయాలి. గుంతలు తవ్వి మొక్కలు పెట్టకూడదు. మార్వేల్, పవన్యా లాంటి స్థానిక గడ్డి విత్తనాలు చల్లాలి. విత్తనం రాలేదాకా మేపు ఆపాలి, తర్వాత వంతులవారీగా మేపనివ్వాలి. పూర్తిగా మేత ఆపేసినా గడ్డి ముదిరి మంటలకు ఆహారమవుతుంది. కాబట్టి కాపరిని బయటికి పంపి చేసే బాగు ఎక్కువ కాలం నిలవదు. నష్టపోయిన రైతుకు పరిహారం త్వరగా అందాలి. ఐక్యరాజ్య సమితి 2026ను మేత భూముల, పశుపాలకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. కంచను, కాపరిని ఒకే పేరులో కలిపారు, అది నాకు నచ్చింది.

వచ్చే వానాకాలం ఊరి బయటి మాళ్ మీద మొక్కలు నాటుదామని మా తరగతిలో మాట్లాడుకుంటున్నాం. ఆ ఉత్సాహం మంచిదే. నా మనవి ఒకటే. వేప, చింత మొక్కలను బడి ఆవరణలో, రోడ్ల పక్కన, మన పేటల్లో నాటుదాం, అక్కడ నీడ చాలా అవసరం. మాళ్ మీదికి మాత్రం గుంతలు తవ్వే పార పట్టుకుని పోవద్దు. నోటు పుస్తకం పట్టుకుని పోదాం. అక్కడ ఏ గడ్డి ఉంది, ఏ నెలలో గింజ రాలుతుంది, ఎవరి గొర్రెలు వస్తాయి అని ధన్‌గర్ తాతలను అడిగి, తెలుగులో, మరాఠీలో రాసుకుందాం. సుమారు రెండు వందల ఏండ్ల కింద సర్వే పుస్తకంలో ఆ నేల ఎదురుగా "వేస్ట్" అని రాశారు. మన పుస్తకంలో దాని అసలు పేరు రాద్దాం.