నార తీసే చేతులను అడగని దొరలు



ఈసారి దూరదేశం కథ. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల నార కథ ఇది. చదువుతున్నంతసేపూ మాకు మన అవ్వలే గుర్తొచ్చారు, అందుకే రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

1793లో ఒక ఇంగ్లీషు ఓడ న్యూజిలాండ్ ఉత్తర తీరానికి వచ్చింది. దగ్గరకొచ్చిన ఇద్దరు మావోరీ యువకులను ఓడ ఎక్కించుకుని అలాగే ఎత్తుకుపోయింది. వాళ్ళ పేర్లు టుకీ, హురూ. తీసుకెళ్ళింది నార్ఫోక్ దీవికి. అక్కడ ఇంగ్లీషువాళ్ళు ఖైదీలతో నార పని చేయిస్తున్నారు. మొక్క దీవిలో బాగానే ఉంది కానీ మంచి నార తీయడం ఎవరికీ చేతకాలేదు. ‘మావోరీలకు తెలుసు కదా, ఇద్దరిని పట్టుకొస్తే నేర్పిస్తారు’ అనుకున్నారు. తీరా అడిగితే తేలిందేమిటంటే, మావోరీల్లో నార తీయడం ఆడవాళ్ళ పని. టుకీ పూజారి కొడుకు, హురూ యోధుడు. తమకు తెలిసిన కాస్త చూపించారు, అంతే. దీవి అధికారి కింగ్ కొన్ని నెలలు ఉంచుకుని, అదే ఏడాది నవంబరులో తనే వెంట వెళ్ళి వాళ్ళను దింపి వచ్చాడు.

నవ్వొస్తుంది కదా? కానీ మనుషుల్ని ఎత్తుకుపోయేంత అవసరం ఏమొచ్చింది? అప్పట్లో ఓడలన్నీ తెరచాపల మీదే నడిచేవి. తెరచాప గుడ్డకూ, మోకులకూ నార కావాలి. ఆ నార కోసం ఇంగ్లండు ఎక్కువగా రష్యా, బాల్టిక్ తీరాల మీద ఆధారపడేది. యూరప్‌లో గుడ్డకు వాడే ముఖ్యమైన నార అవిసెది. దాంతో నేసిన బట్టే లినెన్. మన దగ్గర అవిసెను గింజల కోసం వేస్తాం. అక్కడ అదే మొక్కను ఒత్తుగా చల్లి, వేళ్ళతో సహా పీకి, నీళ్ళలో ఊరబెట్టి, ఎండబెట్టి, కొట్టి, దువ్వి కాడ నుంచి నార తీస్తారు. గోగు కట్టలను చెరువులో ఊరేయడం చూసినవాళ్ళకు ఈ పని చెప్పక్కర్లేదు.

1769లో కెప్టెన్ కుక్‌తో వచ్చినవాళ్ళు మావోరీల బట్టలు చూసి, ఆ మొక్కకు కూడా ‘ఫ్లాక్స్’ అని, అంటే అవిసె అని పేరు పెట్టేశారు. నిజానికి ఈ రెండు మొక్కలకు చుట్టరికం లేదు. దాని అసలు పేరు హరకెకె. కత్తుల్లాంటి పొడుగాటి ఆకులతో పొదలా పెరుగుతుంది. నార ఉండేది కాడలో కాదు, ఆకులో. అందుకే అవిసె పని తెలిసినవాళ్ళు కూడా దాని ముందు తెల్లమొహం వేశారు.

మరి మావోరీలకు ఎలా తెలిసింది? వాళ్ళ పూర్వీకులు వెచ్చని పసిఫిక్ దీవుల నుంచి పడవల మీద వచ్చారు. బెరడుతో బట్ట చేసుకోవడానికి ‘అవుటె’ అనే చెట్టును వెంట తెచ్చుకున్నారు. ఈ చలిదేశంలో అది సరిగ్గా పెరగలేదు. బట్ట లేకపోతే బతకలేరు. అప్పుడు ఆడవాళ్ళు ఇక్కడి హరకెకెను పట్టుకుని, తరతరాలుగా చేసి చూసి పని నేర్చుకున్నారు.

పొద దగ్గరే ఒక కట్టుబాటు ఉంది. నడిమి లేత ఆకు బిడ్డ, దానికి అటూ ఇటూ ఉన్నవి తల్లిదండ్రులు. వాటిని ముట్టుకోకూడదు. బయటివైపు ముదురు ఆకులనే కోయాలి. వానలో, రాత్రిపూట కోయకూడదు. కోసిన ఆకు అంచులూ ఈనె తీసేసి, సన్నగా చీల్చి, ఒకవైపు చిన్న గాటు పెట్టి, ఆల్చిప్ప అంచుతో లాగుతారు. పచ్చని గుజ్జు ఊడిపోయి పట్టులాంటి నార మిగులుతుంది. దాన్ని ‘ముకా’ అంటారు. రెండు పోగులను కాలి మీద పెట్టి అరచేత్తో పురి వేస్తారు. తర్వాత కడిగి, రాతి రోకలితో కొట్టి మెత్తబరుస్తారు. నల్లరంగు కావాలంటే చెట్టు బెరడు రసంలో నానబెట్టి, ప్రత్యేకమైన బురదలో ముంచుతారు. మగ్గం లేదు. రెండు కర్రల మధ్య దారం కట్టి వేళ్ళతోనే అల్లుతారు. ఒక మంచి శాలువాకు నెలల తరబడి పడుతుంది.

దొరలు ఈ పని నేర్చుకోలేకపోయారు, అందుకని సరుకు కొనడం మొదలుపెట్టారు. 1820లు, 30లలో సిడ్నీ వర్తకులు నార తీసుకుని తుపాకులు ఇచ్చారు. ఒక్క తుపాకీకి టన్ను నార దాకా అడిగిన రోజులున్నాయి. పక్క తెగ దగ్గర తుపాకీ ఉండి మన దగ్గర లేకపోతే బతుకు లేదు. అందుకని ఊళ్ళకు ఊళ్ళు హరకెకె పెరిగే చిత్తడి నేలలకు దిగాయి. యుద్ధాల్లో పట్టుబడ్డవాళ్ళతో కూడా నార గీకించారు. తిండి పంటలు వెనకబడ్డాయి, చెమ్మలో జబ్బులు వచ్చాయి. పొదను కుటుంబంగా చూసిన జనం దాన్ని టన్నుల్లో లెక్కపెట్టాల్సి వచ్చింది. వాళ్ళకు తెలివి లేక కాదు. బేరం షరతులు ఇంకొకరి చేతిలో ఉన్నాయి, అంతే.

1860లలో నార తీసే యంత్రం వచ్చింది. మిల్లులు మోకులకు పనికొచ్చే ముతక నార తీశాయి. మెత్తని ముకా మాత్రం ఆల్చిప్పతో, చేత్తోనే. తర్వాత చిత్తడి నేలలను ఎండగట్టి పశువుల మేత బీళ్ళు చేశారు. న్యూజిలాండ్‌లో పాత చిత్తడి నేలల్లో దాదాపు 90 శాతం ఇప్పుడు లేవు.

అయినా పని చావలేదు. రంగిమారియె హెటెట్ అనే అవ్వ (1892–1995) అల్లికలో గొప్ప పనిమంతురాలు. ఈ విద్యను సొంత తెగలోనే నేర్పడం ఆనవాయితీ. ఇలాగే ఉంటే విద్య పోతుందని ఆమె 1951లో పుట్టిన మావోరీ మహిళా సంఘం ద్వారా బయటి తెగల ఆడపిల్లలకూ నేర్పింది. కూతురు డిగ్గరెస్ టె కనావా కూడా అదే దారిలో నడిచింది. రెనే ఆర్కిస్టన్ అనే ఆమె 1950ల నుంచి ఊరూరా తిరిగి అల్లికకు పనికొచ్చే రకాల పిలకలు సేకరించి, 1987లో వాటిని ప్రభుత్వ పరిశోధన సంస్థకు అప్పగించింది. 1991లో ఆరుగురు మావోరీలు తమ మొక్కల మీద, వాటి జ్ఞానం మీద హక్కు కోసం వైతాంగి ట్రిబ్యునల్‌కు వెళ్ళారు. 20 ఏళ్ళకు, 2011లో నివేదిక వచ్చింది.

ఇక మన సంగతి. అడ్డాకుల విస్తర్లు మనం అమ్ముతున్నాం. అడ్డ తీగ నారతో తాడు పేనడం మనలో ఎంతమందికి వచ్చు? గదబ అవ్వలు చెట్టు నారతో చారల బట్ట నేసుకునేవారు. ఏ చెట్టు, ఏ నెలలో కోయాలి, ఎన్నాళ్ళు నానాలి, ఏ ఆకుతో రంగు? సెలవులకు ఇంటికెళ్తే ప్రాజెక్టు కోసం తాతనే అడుగుతాం, పక్కన కూర్చుని పురి వేస్తున్న అవ్వను అడగం. నార్ఫోక్ దొరలు చేసిన తప్పే ఇంట్లో మనమూ చేస్తున్నాం.

అందుకే ఈ సెలవుల్లో అవ్వ పక్కన కూర్చుందాం. ఫోన్‌లో రికార్డు చేసే ముందు ఆమె ఒప్పుకోలు అడుగుదాం. పనిముట్ల పేర్లు మన భాషలోనే రాసుకుందాం. వీడియో తీసి ఊరుకోకుండా ఒక్క తాడైనా మన చేత్తో పేని చూద్దాం. బయటివాళ్ళకు ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అనేది అవ్వలతో కూర్చుని మనమే తేల్చుకుందాం. మీ ఊళ్ళో నారకు ఏ మొక్క వాడేవారో కింద రాయండి, దాని పేరు మీ భాషలో చెప్పండి.