కాలు కోల్పోయిన మాజీ సైనికులు: పెద్ద వయసులో ఇల్లు ఎలా ఉండాలి?

యుద్ధంలోనో, మందుపాతర పేలుడులోనో కాలు పోగొట్టుకున్న జవాన్లకు కృత్రిమ కాలు అమర్చే సైనిక కేంద్రం పుణేలో 1944 నుంచి ఉంది. 1965, 1971 యుద్ధాల్లో పోరాడినవాళ్లు ఇప్పుడు డెబ్బై దాటేశారు. వయసులో ఉన్నప్పుడు మెట్లెక్కి తిరిగిన ఇల్లే ఇప్పుడు వాళ్లకు ఇబ్బంది అవుతోంది.

అసలు సమస్య ఎక్కడ?

కృత్రిమ కాలు ఇరవై నాలుగు గంటలూ ఉండదు. పడుకునేటప్పుడు, స్నానానికి తీసేస్తారు. వయసు పెరిగేకొద్దీ మొండి భాగం దగ్గర చర్మం పలచబడి పుండ్లు పడొచ్చు, రెండో మోకాలు అరిగిపోవచ్చు. షుగర్ ఉంటే మరీ జాగ్రత్త. అర్ధరాత్రి బాత్రూమ్‌కి లేచేది ఒంటికాలితోనే. అందుకే కాలు తీసి పక్కన పెట్టిన మనిషిని దృష్టిలో పెట్టుకుని ఇల్లు సరిచేయించాలి.

చేయించాల్సిన మార్పులు

* పడకగది కింది అంతస్తులో, బాత్రూమ్‌కి దగ్గరగా ఉండాలి. రాత్రంతా చిన్న లైటు వెలగాలి.
* వీల్‌చైర్ పట్టాలంటే తలుపు వెడల్పు దాదాపు 3 అడుగులు, తిప్పుకోవడానికి 5 అడుగుల జాగా కావాలి. లోపలి గడపలు తీయించాలి.
* గుమ్మం ఎత్తు ప్రతి అంగుళానికి ర్యాంప్ ఒక అడుగు పొడవుండాలి. అర అడుగు ఎత్తుకు 6 అడుగులు.
* బాత్రూమ్‌లో కమోడ్, గోడకు గట్టి స్టీల్ పట్టీలు, జారని టైల్స్, కూర్చుని స్నానం చేసే స్టూల్ ఉండాలి. కుళాయి చేతికందేలా ఉంటే వుజూ కూడా కూర్చునే చేసుకోవచ్చు.
* నమాజ్‌కి చేతులున్న బరువైన కుర్చీ మంచిది. ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది.

సాయం ఎక్కడ?

ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో డిశ్చార్జ్ బుక్, పెన్షన్ ఆర్డర్ చూపించి అడగాలి. పెన్షన్ వచ్చే మాజీ సైనికులకు 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ ద్వారా వైద్యం అందుతుంది. వైకల్యం 100 శాతం ఉండి, మనిషి తోడు తప్పనిసరని మెడికల్ బోర్డు తేలిస్తే డిజెబిలిటీ పెన్షన్‌తో పాటు అటెండెన్స్ అలవెన్స్ కూడా ఉంటుంది.

ఒకరిని సాయం అడగడానికి పెద్దవాళ్లు మొహమాటపడతారు. కింద పడేదాకా ఆగకుండా కొడుకులు, కోడళ్లే ముందుగా చొరవ తీసుకోవాలి. ఏ మార్పు ఎక్కడ కావాలో మాత్రం ఆయన్నే అడిగి చేయించాలి.