ఆ ఫొటోలో విమానం ఎవరిది?

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు, అందరిలాగే నాకూ ముందు గుర్తొచ్చినవి మధ్యాహ్నం బెల్లు, అనంతగిరి పిక్నిక్కు, లెక్కల సారు బెత్తం. వాటి గురించి నాకంటే బాగా రాసేవాళ్లున్నారు. నేను మాత్రం మన స్కూల్లో మొదలై, నలభై ఏళ్ల తర్వాత తేలిన ఒక పంచాయితీ గురించి రాస్తాను. అది ఒక పాత యుద్ధవిమానం ఫొటో సంగతి. అందులో నేను చేసిన తప్పు సంగతి కూడా.

1982లో నేను తొమ్మిదో తరగతి. రోజూ తాండూరు నుంచి పాసింజరులో వికారాబాద్ వచ్చేవాణ్ణి. మనకు ఒకపక్క బీదర్, ఇంకోపక్క దుండిగల్, హకీంపేట. మూడూ వైమానిక దళం పైలట్లకు శిక్షణ ఇచ్చే చోట్లే. పాఠం నడుస్తుండగా పైన కిరణ్ జెట్టు ఈల వేసుకుంటూ పోతే అందరి తలలూ కిటికీ వైపు తిరిగేవి. సారు సుద్దముక్క విసిరేదాకా మళ్లీ బోర్డు వైపు తిరిగేవి కావు.

నా బెంచీ మిత్రుడు ఒకరోజు లెక్కల పుస్తకంలో దాచి ఒక ఫొటో తెచ్చాడు. వాళ్ల తాత నిజాం రైల్వేలో పనిచేశాడు. ఊరు విడిచి వెళ్తున్న ఒక ఇంగ్లీషు దొర ఇచ్చిన ఆల్బములోది అది. రెండు వరసల రెక్కల విమానం, మధ్యలో కర్రలు, తీగలు, ముక్కు దగ్గర చదరపు డబ్బాలాంటి రేడియేటరు. పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో హైదరాబాద్ అని, దాని తర్వాత ఒక నెంబరు.

ఆ పేరు చూడగానే నాకు పూనకం వచ్చినంత పనైంది. "ఇది నిజాం యుద్ధవిమానం. పోలీసు చర్యలో మనవాళ్లు బీదర్‌లో కొట్టేసింది ఇదే" అని ప్రకటించాను. ఇంగ్లీషువాళ్లదేమో అని మిత్రుడు అన్నాడు. నా దగ్గర రుజువు ఉంది: "ఇంగ్లీషు విమానాల గుండ్రటి గుర్తులో బయటి వలయం ముదురు నీలం. ఇందులో చూడు, లేత రంగు. కాబట్టి ఇది వేరే రాజ్యం గుర్తు." వాడి దగ్గర జవాబు లేదు. నేను గెలిచాను.

గెలిచినవాణ్ణి ఊరుకోలేదు. ఆ నెల గోడపత్రికలో వ్యాసం రాశాను. ఫొటో నా గీతల మధ్య పట్టలేదు. కత్తెర తీసుకుని ఒక అంచు కోసేసి, వెనకాల మైదా జిగురు పూసి అంటించాను. సోషల్ సారు చదివి, "నీకు ఎట్ల తెలుసురా?" అని మాత్రం అడిగారు. పేరు రాసి ఉంది కద సార్ అన్నాను. ఆయన నవ్వి వెళ్లిపోయారు.

మిత్రుడి తాత మాత్రం ఒక మాట అన్నాడు. అప్పుడు నాకది అర్థం కాలేదు. "గా విమానం మనది కాదు బిడ్డా. పైసలు మాత్రం మనయి."

తర్వాత ఇంజినీరింగు, ఉద్యోగం, బదిలీలు. విమానాల పిచ్చి మాత్రం పోలేదు. మన బ్యాచ్‌లో ఇంకా ముగ్గురికి అదే పిచ్చి ఉందని తర్వాత తెలిసింది. అందులో ఒకతను వైమానిక దళంలో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఏడాదికోసారి తాండూరులో ఎవరింట్లోనో కూర్చుంటాం. నాపరాళ్ల గచ్చు మీద పాత ఫొటోలు పరుస్తాం. ఒక్కో ఫొటో చేతులు మారుతుంది. ఇది ఏ విమానం, ఏ ఏడు, ఎక్కడ తీసింది అని వాదించుకుంటాం. చాయ్‌లు చల్లారిపోతాయి.

ఈ వాదనలకు ఒక పద్ధతి ఉంది. తోక మీద నెంబరు U తో మొదలైతే కిరణ్ అన్నమాట. మన విమానం మీద గుర్తు అశోక చక్రమైతే అది స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్లది, మూడు రంగుల వలయమైతే ఆ తర్వాతిది. బర్మా యుద్ధంలో ఇంగ్లీషు విమానాల గుర్తులో ఎరుపు ఉండదు. జపాన్ సూర్యుడని పొరపడి సొంతవాళ్లే కాల్చేస్తారని తీసేశారు. ఒకసారి గుర్తు మీదుగా నల్ల చిరుత దూకుతున్న స్పిట్‌ఫైర్ ఫొటో వచ్చింది. అది 152వ స్క్వాడ్రన్. ఆ స్క్వాడ్రన్ పేరులోనూ హైదరాబాద్ ఉంది, దాని చిహ్నం నిజాం తలపాగా. హరికేన్లు నడిపిన 253వ స్క్వాడ్రన్ పేరు కూడా హైదరాబాద్ స్టేట్. రెండో ప్రపంచయుద్ధంలో ఈ రెండూ ఇంగ్లండు కోసం పోరాడినవే.

ఆ రోజే నా బెంచీ మిత్రుడు జేబులోంచి కవరు తీశాడు. అందులో మన గోడపత్రిక ఫొటో! నలభై ఏళ్లు దాచాడు. ఆల్బముకు చెదలు పట్టింది, ఇది ఒక్కటే మిగిలింది అన్నాడు.

టెక్నీషియన్ మిత్రుడు భూతద్దం పెట్టి చూసి, ముందు నా రుజువునే పట్టుకున్నాడు. ఆ కాలపు ఫిల్ముకు రంగులు మన కంటికి కనిపించినట్టు కనిపించవు. ఎరుపు నల్లగా పడుతుంది, నీలం లేతగా తేలిపోతుంది. నేను వేరే రాజ్యం గుర్తు అన్నది నికార్సయిన ఇంగ్లీషు గుర్తే. ముక్కు దగ్గరి చదరపు రేడియేటరు చూసి విమానం పేరు కూడా చెప్పాడు: డి హావిలాండ్ డీహెచ్ 9ఏ. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో వచ్చిన బాంబర్. ఇద్దరు కూర్చుంటారు. దానిది 400 హార్స్‌పవర్ అమెరికన్ లిబర్టీ ఇంజిను.

మిగతాది చరిత్ర పుస్తకాల్లో ఉంది. 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో ఇంగ్లండు 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ విమానాలు సమకూర్చింది. ఒక్కోదాని మీద ఇది నిజాం కానుక అని రాసి, హైదరాబాద్ అని వరస నెంబరు వేశారు. ఆ ఏడు సెప్టెంబరు నుంచి అవి ఫ్రాన్సులోంచి లేచి జర్మనీ ఊళ్ల మీద బాంబులు వేశాయి. నవంబరు 11న యుద్ధం ముగిసింది. బ్రిటిష్ ప్రభుత్వం నిజాంకు నమ్మకమైన మిత్రుడు అనే బిరుదు ఇచ్చింది.

అదే 1918లో దక్కనులో వానలు తప్పాయి. ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లకు ఊళ్లను ఊడ్చింది. నిజాం రాజ్యపు ఆదాయంలో పెద్ద పద్దు భూమిశిస్తు. మన జొన్న చేల మీదా కంది చేల మీదా వసూలైన రూపాయి ఎక్కడో ఫ్రాన్సులో రెక్కలు కట్టుకుని ఎగిరిందన్నమాట. తాత చెప్పింది అదే.

ఇక 1948 సంగతి. నిజాం ప్రభుత్వానికి అప్పటికి యుద్ధవిమాన దళమే లేదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో రాత్రిపూట దొంగచాటుగా బీదర్‌కూ వరంగల్‌కూ ఆయుధాలు చేరవేశాడు. సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలయ్యాక మన టెంపెస్ట్ విమానాలు ఆ రన్‌వేల మీద దాడి చేశాయి. నేను చెప్పిన బీదర్ నిజమే, దాడీ నిజమే. మా ఫొటోలోని కర్రా గుడ్డా విమానానికి మాత్రం దానితో ముప్పై ఏళ్ల దూరం.

ఓడిపోవడం నాకు బాధ అనిపించలేదు. బాధ ఆ తర్వాత వచ్చింది. "నెంబరు ఎంత?" అని అడిగాడు టెక్నీషియన్ మిత్రుడు. హైదరాబాద్ అనే అక్షరాల తర్వాత ఫొటో లేదు. నా కత్తెర అక్కడే పడింది. వెనక్కి తిప్పాడు. సిరాతో ఉర్దూలో రెండు వరసలు ఏవో రాసి ఉన్నాయి. ఎండిన మైదా కింద ఒక్క అక్షరమూ ఆనడం లేదు. దాని గురించి చెప్పగల తాత పోయి చాలా కాలమైంది.

నెంబరు ఉంటే ఏమయ్యేదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. అదే స్క్వాడ్రన్‌కు చెందిన ఎఫ్ 1010 అనే విమానం 1918 అక్టోబరు 5న జర్మన్లకు చిక్కింది. వాళ్లు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో బాంబులకు భయపడి తూర్పుకు తరలిస్తే పోలండ్‌లో తేలింది. 1977లో ఇంగ్లండు ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి బదులుగా దాన్ని తెచ్చుకుంది. ఇప్పుడు రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. దాని మీద నిజాం పేరు, హైదరాబాద్ 12ఏ అన్న అక్షరాలు ఉన్నాయి. నెంబరు ఉంది కనుకే దాని కథ ఇంత దూరం చెప్పగలుగుతున్నాం. మన ఫొటోలోది అదేనా, దాని తోబుట్టువా? ఇక తేలదు.

మిత్రుడు నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీలే, అప్పుడు నీకు పద్నాలుగేళ్లు" అన్నాడు. తిడితే బాగుండేది.

అందుకే పాత విద్యార్థులకూ మా గురువులకూ ఒక మనవి. మన వికారాబాద్, తాండూరు ఇళ్లలో బీదర్ బేసులోనో, హకీంపేటలోనో పనిచేసినవారి ట్రంకు పెట్టెలు ఇంకా ఉన్నాయి. విమానం ముందు నిలబడి దిగిన ఫొటోలు వాటిలో ఉంటాయి. పెద్దలుండగానే బయటికి తీయండి. ఎవరు, ఎక్కడ, ఏ ఏడు అని అడిగి, వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి. కాపీ తీస్తే వెనకవైపు కూడా తీయండి. తెలిసినంతే రాయండి. నాలాగా పేరు చూసి కథ అల్లకండి.

ఆ ఫొటోను మిత్రుడి అనుమతితో ఈ సంచికకు పంపుతున్నాను. పేజీలో పట్టకపోతే నా వ్యాసాన్ని కత్తిరించమని సంపాదకులకు మరీ మరీ చెప్పాను.