పందేనికొకటి, ప్రయాణానికొకటి

పాత విదేశీ సైకిలు దొరికితే వెనక చక్రం పక్కన వేలాడుతూ గేర్లు మార్చే డీరైలర్ మీద అందరూ ముందు కంపెనీ పేరు వెతుకుతారు. పేరు తర్వాత చూసుకోవచ్చు. అంతకన్నా ముందు గమనించాల్సింది రెండు చిన్న గిలకల మధ్య దూరం. ఆ దూరం తక్కువగా ఉంటే అది పందేల కోసం చేసినది, ఎక్కువగా ఉంటే మూటాముల్లె కట్టుకుని కొండలు దాటే యాత్రికుడి కోసం చేసినది. ఈ రెండు వర్గాలకూ ఫ్రాన్సులో ఒకప్పుడు గట్టి పేచీ నడిచింది.

1902లో ఫ్రాన్సు టూరింగ్ క్లబ్ కొండదారిలో ఒక పోటీ పెట్టింది. ఒకే గేరున్న సైకిలు మీద ఎదువార్ ఫిషర్ అనే పేరున్న పందెగాడు దిగాడు. మూడు గేర్ల 'గోలువాజ్' సైకిలు మీద మార్త్ హెస్ అనే మహిళ దిగింది. ఆమే గెలిచింది. అంతటితో వాదన తేలిపోవాలి కదా! కానీ పత్రికా సంపాదకుడు అన్రీ దెగ్రాంజ్ ఒప్పుకోలేదు. గేర్లు నలభై ఐదేళ్ళు దాటినవాళ్ళకేనని, కండబలంతో గెలవడమే మేలని ఆయన రాశాడు. మరుసటి ఏడాది 'టూర్ ద ఫ్రాన్స్' పందెం మొదలుపెట్టింది ఆయనే. కాబట్టి ఆ పంతం నియమమై కూర్చుంది. 1936 దాకా ఆ పందెంలో డీరైలర్‌కు చోటు లేదు. వెనక చక్రానికి రెండు వైపులా చెరో పళ్ళ బిళ్ళ ఉండేది. కొండ మొదట్లో పందెగాళ్ళు దిగి, చక్రం ఊడదీసి, తిరగేసి బిగించుకుని మళ్ళీ ఎక్కేవాళ్ళు. 1937లో నిషేధం ఎత్తేశారు. ఆ ఏడాది డీరైలర్ సైకిలు మీదే రొజే లాపెబీ గెలిచాడు.

ఈలోగా యాత్రికులేమీ చేతులు ముడుచుకు కూర్చోలేదు. సాంత్ ఎతియెన్ పట్టణంలో 'వెలోసియో' అనే కలం పేరుతో రాసిన పోల్ ద వీవీ తన పత్రికలో ఏళ్ళ తరబడి గేర్ల పక్షం వాదించాడు, వాటిని స్వయంగా కొండల మీద పరీక్షించాడు. దిజోన్‌లో లూసియెన్ జుయీ 1928లో 'సింప్లెక్స్' అనే డీరైలర్ల కంపెనీ మొదలుపెట్టాడు.

ఇటలీ దారి వేరు. విచెంజాకు చెందిన తుల్లియో కాంపన్యోలో 1940లలో అమ్మిన 'కాంబియో కోర్సా' అనే గేరు మార్చే పరికరంలో అసలు గిలకలే లేవు. వెనక చట్రానికి రెండు పొడవాటి కడ్డీలు ఉంటాయి. నడుస్తున్న సైకిలు మీదే చెయ్యి వెనక్కి చాపి, ఒక కడ్డీతో చక్రం బిగింపు వదులు చెయ్యాలి. పెడల్ వెనక్కి తొక్కుతూ రెండో కడ్డీతో చైనును పక్క బిళ్ళ మీదికి నెట్టాలి. చైను వదులైతే దాన్ని లాగిపట్టేది చక్రమే: ఇరుసు పళ్ళ గాడిలో ముందుకూ వెనక్కూ దొర్లుతుంది. అది దొర్లగలిగినంత మేరకే గేర్ల తేడా. ఈ సర్కస్‌తో జీనో బార్తాలి 1948 టూర్ గెలిచాడంటే మనిషికి దండం పెట్టాలి, యంత్రానికి కాదు.

1949లో మిలాన్‌లో చూపించి 1951కల్లా అమ్మకానికి తెచ్చిన 'గ్రాన్ స్పోర్ట్'తో కాంపన్యోలో ఈ తంటా తీర్చాడు. కేబుల్ లాగితే సమాంతర చతుర్భుజంలా అమర్చిన చేతులు గిలకలను పక్కకు జరుపుతాయి. దాని వారసుడు 1967 నాటి 'నువోవో రికార్డ్'. దీని కాలం పోల్చడం సులువు. చాలావాటి మీద 'పేటెంట్' అనే మాట పక్కన 72, 78 అంటూ అంకెలు చెక్కి ఉంటాయి. అది దాదాపుగా తయారైన సంవత్సరం. అంకె లేకపోతే ఇంకా ముందుది. జపాను షిమానో వస్తువైతే వెనక వైపు రెండు ఇంగ్లీషు అక్షరాలు చూడండి. మొదటిది ఏడాది, రెండోది నెల. 'ఎ' అంటే 1976. కాబట్టి 'ఇ', 'జి' కనిపిస్తే అది 1980 జులై సరుకు. అన్ని కంపెనీలకూ ఈ లెక్క వర్తించదు.

పేర్లను మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. 'ష్విన్ అప్రూవ్డ్' అని ఉన్న డీరైలర్‌ను అమెరికా ష్విన్ కంపెనీ తయారు చెయ్యలేదు. ఫ్రాన్సు హ్యూరే దగ్గరో, జపాను వాళ్ళ దగ్గరో చేయించుకుని తన పేరు వేసుకుంది. నల్లటి ప్లాస్టిక్ చేతులు కనిపిస్తే, పేరు చెరిగిపోయినా అది 1960ల నాటి సింప్లెక్స్ 'ప్రెస్టీజ్' అయ్యే అవకాశమే ఎక్కువ. డెల్రిన్ అనే ఆ ప్లాస్టిక్ తేలికే. కానీ ఏళ్ళు గడిస్తే పగుళ్ళిస్తుంది. కొనేముందు బోల్టు చుట్టూ చూడాలి.

ఇక సామర్థ్యం, అంటే డీరైలర్ ఎంత వదులు చైనును లాగిపట్టగలదో. ముందున్న పెద్ద చైన్‌రింగ్ పళ్ళలోంచి చిన్నదాని పళ్ళు తీసెయ్యండి. వెనక ఫ్రీవీలులోనూ అలాగే పెద్ద బిళ్ళలోంచి చిన్న బిళ్ళ తీసెయ్యండి. రెండు తేడాలూ కలపండి. పందేల సైకిలుకు ముందు 52, 42, వెనక 13 నుంచి 21 ఉన్నాయనుకుందాం. పది, ఎనిమిది కలిపితే 18. యాత్ర సైకిలుకు ముందు 52, 36, వెనక 14 నుంచి 34 అయితే పదహారు, ఇరవై కలిపి 36. చైనును రెండు పెద్ద బిళ్ళలకూ సరిపడా పొడవు పెట్టుకోవాలి. రెండు చిన్న బిళ్ళల మీదికి రాగానే అదే చైను వేలాడిపోతుంది. ఆ మిగులునంతా మింగాల్సింది గిలకల చట్రం. అది పొట్టిదైతే మింగలేదు. వేలాడకూడదని చైనును కత్తిరించారో, పెద్ద బిళ్ళల మీదికి వెళ్ళినప్పుడు చట్రం విరిగి చక్రంలో ఇరుక్కుంటుంది. ఇది కాక మరో హద్దుంది: పై గిలక ఎంత పెద్ద బిళ్ళ కింద ఇమడగలదు? చట్రం పొడవుగా ఉన్నంత మాత్రాన 34 పళ్ళ బిళ్ళ పడుతుందని కాదు. పాత సామాను కొనేవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

నువోవో రికార్డ్ లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది. దాని పై గిలక దాదాపు అడ్డంగానే జరుగుతుంది. ఫ్రీవీలేమో శంకువులా ఏటవాలుగా ఉంటుంది. పెద్ద బిళ్ళకు చోటిస్తే చిన్న బిళ్ళ దగ్గర గిలక దూరమై, గేరు మందకొడిగా పడుతుంది. ఒసాకాలోని మయేదా కంపెనీలో పనిచేసిన నొబువో ఒజాకి 1964లో ఆ చతుర్భుజాన్నే ఏటవాలుగా తిప్పాడు. గిలక ఇప్పుడు ప్రతి బిళ్ళకూ దాదాపు ఒకే దూరంలో నడుస్తుంది. అదే 'సన్‌టూర్ గ్రాన్ ప్రీ'. ఆ దారిలోనే వచ్చిన 'వి-జీటీ' 34 పళ్ళ దాకా లాగేది. 1970లలో అమెరికాలో గేర్ల సైకిళ్ళ మోజు రేగినప్పుడు మామూలు ధర సైకిళ్ళకు కూడా ఈ సన్‌టూర్లే బిగించారు. పేరున్న పందెగాళ్ళు మాత్రం ఇటలీ మెరుపునే పట్టుకు వేలాడారు. మన ఊళ్ళలో అప్పటికింకా ఒకే గేరు నల్ల సైకిళ్ళ రాజ్యం నడుస్తోంది.

1984లో సన్‌టూర్ పేటెంట్ గడువు తీరింది. ఆ ఏడాదే షిమానో 'డ్యూరా ఏస్'లో ఆ ఏటవాలు అమరికను తీసుకుని, మీట ఒక్కో మెట్టు దగ్గర టక్కున ఆగే పద్ధతిని దానికి జోడించింది. తర్వాత మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. మయేదా ఆ మెట్ల మీటలో వెనకబడి, 1980ల చివర్లో చేతులు మారింది. సేకరణదారుల బజారులో నేటికీ నువోవో రికార్డ్‌కే ఎక్కువ ధర పలుకుతుంది. ఘాట్ రోడ్డు ఎక్కే పని ఉంటే నేనైతే వి-జీటీనే బిగించుకుంటాను.