చమురు అన్వేషణలో స్వదేశీ విజ్ఞానం: డెహ్రాడూన్ నుండి కృష్ణా-గోదావరి బేసిన్ వరకు

వ్యాససంగ్రహం: స్వతంత్ర భారతదేశపు చమురు, సహజవాయువు చరిత్రను సాధారణంగా బావుల చరిత్రగా, ఉత్పత్తి లెక్కలుగా చదువుతుంటాం. ఈ వ్యాసం దానిని పరిశోధన వైపు నుండి పరిశీలిస్తుంది. భూగర్భ సమాచారాన్ని విశ్లేషించే శక్తి దేశానికి త్వరగానే అలవడింది. సముద్రంలో దానిని సేకరించే సాధనాల విషయంలో మాత్రం పరాధీనత కొనసాగిందని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: చమురు అన్వేషణ, డెహ్రాడూన్, భూభౌతిక శాస్త్రం, కృష్ణా-గోదావరి బేసిన్, గ్యాస్ హైడ్రేట్లు.

1. ఉపోద్ఘాతం

అస్సాంలోని డిగ్బోయిలో 1889లో చమురు పడింది. 1901లో అక్కడ శుద్ధి కర్మాగారం వెలిసింది. దేశవిభజనతో అటక్ ప్రాంతపు క్షేత్రాలు పాకిస్తాన్‌కు చెందగా, భారతదేశంలో చమురు ఉత్పత్తి అస్సాంకే పరిమితమైంది. అన్వేషణ విదేశీ కంపెనీల చేతుల్లో ఉండడంతో, ఎక్కడ తవ్వాలో నిర్ణయించే భూగర్భ సమాచారం కూడా వారి వద్దే ఉండేది. ఒక ప్రాంతంలో చమురు ఉందో లేదో స్వయంగా తేల్చుకోగల శక్తి ప్రభుత్వానికి లేదు.

2. సంస్థల ఆవిర్భావం

1955లో ప్రకృతి వనరులు, శాస్త్రీయ పరిశోధన మంత్రిత్వశాఖ కింద చమురు, సహజవాయు డైరెక్టరేట్ ఏర్పడింది. దీని వెనుక ప్రధాన ప్రేరకుడు కేశవదేవ మాలవీయ. 1956 ఆగస్టులో అది కమిషన్‌గా మారింది. 1959లో చట్టబద్ధ హోదా పొందింది. సోవియట్ నిపుణుల సలహాతో సాగిన అన్వేషణ గుజరాత్‌లో 1958లో కాంబే వద్ద, 1960లో అంకలేశ్వర్ వద్ద ఫలించింది. అదే కాలంలో పశ్చిమ బెంగాల్‌లో ఒక అమెరికన్ కంపెనీతో కలిసి తవ్విన బావులు వట్టిపోయాయి. అయితే ఈ రెండు ఫలితాలను పోల్చి ప్రభుత్వ సంస్థే సమర్థమైనదని తేల్చడం తొందరపాటు. రెండు చోట్లా భూగర్భ స్వభావం వేరు.

శాశ్వత ఫలితాన్నిచ్చినవి పరిశోధన సంస్థలు. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 1960లో ఫ్రెంచ్ సహకారంతో భారతీయ పెట్రోలియం సంస్థను నెలకొల్పింది. ముడిచమురు శుద్ధి, ఉత్పత్తుల వినియోగం దాని రంగాలు. చమురు కమిషన్ 1962లో డెహ్రాడూన్‌లో సొంత పరిశోధన, శిక్షణ సంస్థను ప్రారంభించింది. తరువాత దానికి మాలవీయ పేరు పెట్టారు. బావుల నుండి తీసిన రాతి నమూనాలు, వాటిలోని సూక్ష్మ శిలాజాలు, సేంద్రియ పదార్థం ఇక దేశంలోనే పరీక్షకు వచ్చాయి.

3. సముద్రంలోకి

1974లో బయటపడిన బొంబాయి హై క్షేత్రంలో ఈ విద్య బలమూ పరిమితీ రెండూ కనిపిస్తాయి. 1960లలో అక్కడ సర్వే చేసింది సోవియట్ నౌక. తొలి బావిని తవ్విన సాగర్ సమ్రాట్ జపాన్‌లో తయారైంది. తవ్వాలన్న నిర్ణయం మాత్రం భారతీయ సంస్థది.

4. కృష్ణా-గోదావరి బేసిన్

తెలుగు తీరంలో సమస్య మరొక రకమైనది. డెల్టా వరిచేల అడుగున ఏముందో పైనుండి చూస్తే తెలియదు. గోండ్వానా ఖండం చీలినప్పుడు ఏర్పడిన మిట్టలు, పల్లాలు మందపాటి అవక్షేపాల కింద దాగి ఉన్నాయి. బాపట్ల, తణుకు పేర్లతో పిలిచే మిట్టలు అటువంటివే. గట్టి మూలశిల పైకి దగ్గరగా ఉన్నచోట గురుత్వాకర్షణ కొద్దిగా పెరుగుతుంది. అవక్షేపాలు మందంగా ఉన్నచోట తగ్గుతుంది. భూమిలోకి పంపిన తరంగాల ప్రతిధ్వనులు పొరల ఆకృతిని తెలుపుతాయి. 1978లో నరసాపురం వద్ద తవ్విన అన్వేషక బావికి ఇటువంటి భూభౌతిక అధ్యయనాలే పూర్వరంగం.

5. గ్యాస్ హైడ్రేట్లు

లోతైన సముద్రగర్భపు చలిలో, పీడనంలో నీటి అణువుల పంజరాల్లో మీథేన్ చిక్కుకుని మంచులాంటి పదార్థమవుతుంది. సముద్రతలానికి సమాంతరంగా కనిపించే తరంగ ప్రతిఫలనం దాని ఉనికిని సూచిస్తుంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఇటువంటి సూచనలను విశ్లేషించింది. 2006 జాతీయ యాత్రలో కృష్ణా-గోదావరి బేసిన్‌లో సుమారు 130 మీటర్ల మందంగల హైడ్రేట్ నిక్షేపం బంకమట్టి పగుళ్లలో కనిపించింది. 2015 యాత్ర ఇసుక పొరల్లోనూ దానిని గుర్తించింది. మొదటి యాత్ర అమెరికన్ పరిశోధన నౌక జోయిడిస్ రిజల్యూషన్‌పై, రెండవది జపాన్ నౌక చిక్యూపై జరిగాయి. వాణిజ్య ఉత్పత్తి ఇంకా సాధ్యపడలేదు. పీడనం తగ్గించి వాయువును విడిపిస్తే సముద్రతల స్థిరత్వం ఏమవుతుందన్నది పెద్ద ప్రశ్న.

6. ముగింపు

బొంబాయి హై నుండి హైడ్రేట్ల వరకు నాలుగు దశాబ్దాలు గడిచినా నౌక పరాయిదే, విశ్లేషణ మనది. కనుక స్వావలంబనను ఉత్పత్తి పరిమాణంతో మాత్రమే కొలవడం చాలదు. సాధనాల నిర్మాణాన్ని కూడా పరిశోధనలో భాగంగా భావించి అధ్యయనం చేసినప్పుడే ఈ చరిత్ర సమగ్రమవుతుంది.