సోలార్ ఛార్జ్ కంట్రోలర్: ఆ మూడు బటన్ల వెనక ఉన్న కథ

ఇది కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

అడవి పందుల బాధకి చేను చుట్టూ సోలార్ ఫెన్సింగ్ వేసుకున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ప్యానెల్‌కి ఏమీ కాదు, ఝట్కా మిషనూ బాగానే ఉంటుంది. పోయేది బ్యాటరీయే. రెండు ఎండాకాలాలు దాటేసరికి గుల్లయిపోతుంది. అది కూడా ఎప్పుడు? మక్క కంకి పాలు పోసుకునేటప్పుడు, అర్ధరాత్రి. తెల్లారి వెళ్లి చూస్తే కంచె చల్లగా ఉంటుంది, అరెకరం పండుకొని ఉంటుంది. అందరం బ్యాటరీ కంపెనీని తిడతాం. ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య గోడకి కొట్టిన ఆ చిన్న డబ్బా వైపు మాత్రం ఎవరం చూడం. దాని మీద మూడు బటన్లు, ఓ చిన్న తెర ఉంటాయి. షాపువాడు పెట్టిచ్చిన నంబర్లే చివరిదాకా ఉంటాయి.

ఆ నంబర్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే వాటిని ముట్టుకోవడానికి భయం పోతుంది. అందుకే ఈ కథ.

ముందు ఒక పోలిక. చెరువుకి తూము ఉంటుంది, అలుగు ఉంటుంది. అలుగు మట్టం కంటే ఎత్తుకి నీళ్లు పెరిగితే కట్టకే ప్రమాదం. తూము ఎత్తి అడుగుదాకా వదిలేస్తే చెరువు ఎండుతుంది. మధ్యలో నీరటికాడు కాపలా. ఛార్జ్ కంట్రోలర్ చేసేది అచ్చంగా నీరటికాడి పనే. నిండితే ఆపుతుంది, అడుగంటబోతే తూము మూస్తుంది.

సీసం బ్యాటరీని 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే అనే ఆయన చేశాడు. సీసపు రేకులు, గంధకామ్లం, అంతే. మన ట్రాక్టర్‌లో ఉన్నది ఇవాళ్టికీ దాని మనవడే. ఖాళీగా ఉంచితే రేకుల మీద తెల్లటి పొర గట్టిపడి చస్తుంది, అతిగా నింపితే నీళ్లు ఆవిరై చస్తుంది. ఈ రెండు జబ్బులూ పుట్టుకతో వచ్చినవే. తర్వాత వచ్చిన కంట్రోలర్లన్నీ ఈ రెంటికీ మందులే.

మొదట్లో ఆ మందు మనిషి కళ్లే. 1916లో అమెరికాలో డెల్కో లైట్ అని పల్లెటూరి ఇళ్ల కోసం కరెంటు మిషన్ వచ్చింది. చేసింది చార్లెస్ కెటరింగ్, ఒహాయోలో రైతు ఇంట పుట్టినవాడు. కారుకి సెల్ఫ్ స్టార్టర్ తెచ్చింది కూడా ఆయనే. చిన్న ఇంజను, దానికి డైనమో, పక్కన గాజు సీసాల్లో 16 సెల్స్, మొత్తం 32 వోల్టులు. గాజు కాబట్టి లోపల రేకుల రంగు, బుడగలు కంటికే కనిపించేవి. రైతు వచ్చి హైడ్రోమీటర్‌తో యాసిడ్ చిక్కదనం చూసి, ఇంజను ఎప్పుడు ఆపాలో తేల్చుకునేవాడు. ఆ రోజుల్లో నీరటికాడు రైతే.

కార్లలో పరిస్థితి వేరు, ప్రతి నిమిషం ఎవరు చూస్తారు? అందుకే కటౌట్ వచ్చింది. పాత డైనమో ట్రాక్టర్లు నడిపిన పెద్దవాళ్లకి ఆ నల్ల డబ్బా బాగా గుర్తుంటుంది. ఇంజను నెమ్మదిస్తే బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పారకుండా లోపల చిన్న రిలే తెగేది. రాత్రిపూట బ్యాటరీ నుంచి ప్యానెల్‌లోకి కరెంటు కారిపోకుండా ఈనాటి కంట్రోలర్ చేసేదీ అదే పని.

ఇక సూర్యుడి సంగతి. 1954 ఏప్రిల్ 25న అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు సిలికాన్ సోలార్ సెల్‌ని లోకానికి చూపించారు. చేసినవాళ్లు ముగ్గురు: చాపిన్, ఫుల్లర్, పియర్సన్. పడిన ఎండలో నూటికి ఆరు వంతులే కరెంటు అయ్యేది. చాపిన్‌కి అప్పగించిన అసలు పని ఏమిటో తెలుసా? ఉక్కపోత దేశాల్లో టెలిఫోన్లకి పెట్టే డ్రై సెల్స్ తొందరగా పాడవుతున్నాయి, వాటికి బదులు ఏదైనా చూడమన్నారు. అంటే మనలాంటి వాతావరణంలో బ్యాటరీలు చావడమే సోలార్ సెల్ పుట్టుకకి ఒక కారణం!

దాని మొదటి పరీక్ష ఏ పట్నంలోనో జరగలేదు. 1955 అక్టోబరులో జార్జియా రాష్ట్రంలో అమెరికస్ అనే ఊరి దగ్గర, పల్లె టెలిఫోన్ లైన్ మీద జరిగింది. స్తంభం మీద 432 సెల్స్ ఉన్న పలక బిగించారు. పగలు టెలిఫోన్ పరికరం నడవగా మిగిలిన కరెంటు బ్యాటరీలోకి పోయేది, రాత్రీ మబ్బు రోజూ దాన్నే వాడుకునేవాళ్లు. ప్యానెల్, బ్యాటరీ, లోడ్. మన ఫెన్సింగ్ లెక్క మొత్తం ఆ స్తంభం మీదే మొదలైంది. పని బాగానే చేసింది కానీ అప్పటి సెల్ ధర వాట్‌కి 286 డాలర్లు పడేది, ఎవరు పెడతారు? పక్కన పెట్టేశారు. ఇంకో మాట, అది వేరుశెనగ సీమ. పదిహేను కిలోమీటర్ల దూరంలో ప్లెయిన్స్ అనే పల్లెలో వేరుశెనగ రైతు జిమ్మీ కార్టర్ ఉండేవాడు. తర్వాత అమెరికా అధ్యక్షుడై వైట్‌హౌస్ కప్పు మీద నీళ్లు కాచే సోలార్ పలకలు పెట్టించింది ఆయనే. 2017లో సొంతూళ్లో పదెకరాల పొలంలో సోలార్ ప్యానెళ్లు కూడా వేయించాడు. అనంతపురం రైతులు ఈ ముక్క గుర్తుపెట్టుకోవచ్చు.

1970ల్లో ధర దిగడం మొదలయ్యాక సముద్రంలో చమురు బావుల మీది దీపాలకీ, కొండల మీది రేడియో స్టేషన్లకీ ప్యానెళ్లు ఎక్కాయి. మన దేశంలో సాహిబాబాద్‌లోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1977లో సెల్, 1978లో ప్యానెల్ చేసింది. అప్పుడే కంట్రోలర్ అవసరం గట్టిగా తెలిసొచ్చింది.

మొదటి తరం కంట్రోలర్లు ఉత్త రిలేలు. 14.4 వోల్టులు కాగానే టక్కున తెగేవి, దిగగానే టక్కున కలిసేవి. బ్యాటరీ బతికేది కానీ పూర్తిగా నిండేది కాదు. ఎందుకంటే చివరి ఐదో వంతు నెమ్మదిగా, సన్న ధారలో పోయాలి. బస్తా నింపేవాడికి తెలుసు, మూతి దగ్గర గంపతో కుమ్మరిస్తే కిందపడుతుంది.

ఇదే కాలంలో కొన్ని కంపెనీలు అసలు కంట్రోలరే అక్కర్లేని ప్యానెల్ అని అమ్మాయి. మామూలుగా 12 వోల్టుల బ్యాటరీకి 36 సెల్స్ ఉండే ప్యానెల్ కావాలి. వీళ్లు 30కి తగ్గించారు. వోల్టేజీ ఎలాగూ పెరగదు కాబట్టి బ్యాటరీ ఉడకదు అని వాళ్ల లెక్క. లెక్క చలి దేశంలో సరిపోయింది. ఎండలో ప్యానెల్ వేడెక్కే కొద్దీ ఒక్కో సెల్ డిగ్రీకి రెండు మిల్లీవోల్టుల దాకా పోగొట్టుకుంటుంది. ప్యానెల్ వేడి 65 డిగ్రీలకి చేరితే 30 సెల్స్ మీద రెండు వోల్టుల పైనే తగ్గుతుంది. మండుటెండలో ప్యానెల్, కింద ఆకలితో బ్యాటరీ! ఆ సరుకు మెల్లగా కనుమరుగైంది.

తర్వాత ట్రాన్సిస్టర్ తరం, అదే పీడబ్ల్యూఎం. సెకనుకి ఎన్నోసార్లు కలుపుతూ తెంపుతూ ధారని సన్నం చేస్తుంది. 1990ల్లో అమెరికాలో ట్రేస్ కంపెనీ చేసిన సీ40 లాంటి వాటిలో స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న మరలు ఉండేవి: ఎక్కడిదాకా నింపాలి, నిండాక ఎంత దగ్గర నిలపాలి అని. ఆ మరలే మన డబ్బాలో బటన్లు అయ్యాయి.

ఇప్పుడు మీ డబ్బా దగ్గరికి రండి. చవక కంట్రోలర్లు చాలావాటిలో కంపెనీ పెట్టి పంపే నంబర్లు ఇవి: ఫ్లోట్ 13.7, తూము మూసేది 10.7, మళ్లీ తెరిచేది 12.6. ఇందులో నాకు అసలు నచ్చనిది 10.7. సీసం బ్యాటరీ కాసేపు ఏ పనీ లేకుండా ఉన్నప్పుడు 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 11.8 అంటే దాదాపు అడుగు. 10.7 దాకా రోజూ పిండితే అది ఏడాదిలో ముసలిదవుతుంది. ఝట్కా మిషన్ లాగేది కొద్ది కరెంటే కాబట్టి దాన్ని 11.5కి పెంచండి. కంచె ఏ రాత్రైనా ఆగిపోయిందంటే ఛార్జింగ్ చాలడం లేదని అర్థం, లోపం అక్కడ వెతకాలి. ఒక జాగ్రత్త: మిషన్‌ని కంట్రోలర్ లోడ్ పాయింట్‌కి కాకుండా నేరుగా బ్యాటరీకి తగిలిస్తే ఈ తూము పనిచేయదు.

రెండోది ఎండ. సీసం బ్యాటరీకి పుస్తకాల్లో ఇచ్చే నంబర్లన్నీ 25 డిగ్రీల లెక్క. వేడి పెరిగే కొద్దీ ఒక్కో సెల్‌కి డిగ్రీకి 4 మిల్లీవోల్టుల చొప్పున తగ్గించాలి. మే నెలలో రేకుల పెట్టెలో బ్యాటరీ 45 డిగ్రీల దగ్గర ఉంటే, ఆరు సెల్స్ మీద దాదాపు అర వోల్టు. 14.4 కాస్తా 13.9 కావాలి. మంచి కంట్రోలర్లకి వేడి చూసే వైరు ఉంటుంది, అదే సర్దుకుంటుంది. చవక డబ్బాలకి ఉండదు. మీరే ఉగాదికి ఒకసారి తగ్గించి, దసరాకి ఒకసారి పెంచాలి. తొందరగా పోయే బ్యాటరీల్లో చాలావాటికి రోగం ఇక్కడే ఉందని నా నమ్మకం. బ్యాటరీని నీడకి మార్చడం అన్నిటికంటే చవకైన మందు.

మూడోది వైరు. కంట్రోలర్ తన కాళ్ల దగ్గరి వోల్టేజీనే చూస్తుంది, బ్యాటరీ దగ్గర ఎంత ఉందో దానికి తెలియదు. మధ్యలో పొడవాటి సన్న వైరు ఉంటే అక్కడ 14.4, బ్యాటరీ కొమ్ముల మీద 13.8. నిండిందనుకుని ఆపేస్తుంది. మంచి ఎండలో, మధ్యాహ్నం, మల్టీమీటర్ రెండు చోట్లా పెట్టి చూడండి. తేడా ఉంటే లావు వైరు, తక్కువ దూరం. కలిపేటప్పుడు బ్యాటరీ ముందు, ప్యానెల్ తర్వాత. విప్పేటప్పుడు ప్యానెల్ ముందు. 12 వోల్టులా 24 వోల్టులా అన్నది డబ్బా బ్యాటరీని చూసే పోల్చుకుంటుంది.

పెద్ద ప్యానెల్ కొంటున్నవాళ్లకి ఒక మాట. ఇంటి కప్పు మీద వేసే 330 వాట్ల ప్యానెల్ 37 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లు ఇస్తుంది. దాన్ని పీడబ్ల్యూఎం డబ్బాతో 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే అవే 9 ఆంపియర్లు 13 వోల్టుల దగ్గర వస్తాయి, అంటే 120 వాట్లకి లోపే. పైగా అంత వోల్టేజీకి చిన్న డబ్బా కాలిపోవచ్చు. మిగతాది దక్కాలంటే ఎంపీపీటీ కావాలి, అది ఎక్కువ వోల్టులని ఎక్కువ ఆంపియర్లుగా మారుస్తుంది. కానీ డబ్బా మీద ఎంపీపీటీ అని రాసి లోపల పీడబ్ల్యూఎం పెట్టి అమ్మేవి చాలా ఉన్నాయి. పొద్దున బ్యాటరీ ఇంకా నిండకముందు ప్యానెల్ వైపు వోల్టేజీ చూడండి. అది బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగానే ఉంటే మిమ్మల్ని మోసం చేశారు. అసలుదైతే ప్యానెల్ వైపు బాగా ఎక్కువ ఉంటుంది.

చివరగా లిథియం. ఇప్పుడు సోలార్‌కి వస్తున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 1990ల చివర్లో టెక్సాస్‌లో గుడెనఫ్ ల్యాబ్‌లో బయటపడింది. 2019లో ఆయనకి నోబెల్ వచ్చేసరికి వయసు 97. దానికి ప్లాంటే బ్యాటరీ జబ్బులు లేవు, కాబట్టి ఆ మందులూ పనికిరావు. వేడిని బట్టి వోల్టేజీ తగ్గించనక్కర్లేదు. సీసం బ్యాటరీకి అప్పుడప్పుడు చేసే ఈక్వలైజ్ ఛార్జింగ్ దీనికి అసలు పెట్టకూడదు. పాత డబ్బాకే కొత్త లిథియం తగిలిస్తున్నారు కొందరు. మెనూలో లిథియం సెట్టింగ్ లేని డబ్బా అయితే, బ్యాటరీతో పాటు డబ్బా కూడా మార్చండి.