మొహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్: తెల్లవాళ్ల జట్ల నుంచి లీగ్ లాక్కున్న తొలి భారతీయ క్లబ్

కోల్‌కతా మైదాన్‌లో మూడు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్‌లు ఉన్నాయి. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పేర్లు దేశంలో అందరికీ తెలుసు. మూడోది మొహమ్మదన్ స్పోర్టింగ్. నలుపు, తెలుపు దీని రంగులు. ఈ తరం పిల్లల్లో చాలామంది దీని పేరు కూడా విని ఉండరు. కానీ కలకత్తా లీగ్‌ను మొదటిసారి గెలిచిన భారతీయ జట్టు ఇదే. డ్యూరాండ్ కప్‌ను బ్రిటిష్ సైనిక జట్ల చేతుల్లోంచి తీసుకున్న తొలి భారతీయ జట్టూ ఇదే. హైదరాబాద్ నుంచి వెళ్లిన గొప్ప ఆటగాళ్లు ఎందరో ఈ జెర్సీ వేసుకున్నారు. అంతటి క్లబ్ తర్వాత దశాబ్దాల పాటు ఎందుకు వెనకబడింది, మళ్లీ ఎలా లేచిందన్నది తెలుసుకోవాల్సిన చరిత్ర.

పుట్టుక

1887లో కలకత్తాలోని కొందరు ముస్లిం ప్రముఖులు జూబిలీ క్లబ్ పేరుతో ఒక సంఘం పెట్టారు. తర్వాత దాని పేరు క్రెసెంట్ క్లబ్, ఆ తర్వాత హమీదియా క్లబ్ అయింది. చివరికి 1891లో మొహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్‌గా స్థిరపడింది. మోహన్ బగాన్ దీనికంటే రెండేళ్లు పెద్దది. ఈస్ట్ బెంగాల్ 1920లో వచ్చింది.

మొదటి నలభై ఏళ్లలో క్లబ్ చెప్పుకోదగ్గ విజయాలేమీ సాధించలేదు. కలకత్తా ఫుట్‌బాల్ లీగ్ 1898లో మొదలైంది. 1933 వరకు అందులో టైటిల్ ఎప్పుడూ బ్రిటిష్ రెజిమెంట్లకో, యూరోపియన్ల క్లబ్‌లకో పోయేది. 1911లో మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచి దేశమంతా సంచలనం రేపింది. కానీ సీజన్ పొడుగునా నిలకడగా ఆడి గెలవాల్సిన లీగ్ మాత్రం ఏ భారతీయ జట్టుకూ దక్కలేదు.

1934: వచ్చీ రాగానే టైటిల్

1930ల మొదట్లో క్లబ్ నిర్వాహకులు పద్ధతి మార్చారు. కలకత్తా ఆటగాళ్లతోనే సరిపెట్టుకోకుండా బెంగళూరు వంటి దూర ప్రాంతాల నుంచి కూడా మంచి ఆటగాళ్లను తెచ్చుకున్నారు. ఇంకో పెద్ద మార్పు బూట్లు. అప్పట్లో భారతీయులు ఎక్కువగా ఒట్టి కాళ్లతోనే ఆడేవారు. నేల పొడిగా ఉన్నప్పుడు అది వాళ్లకు బలమే, బంతి కాలికి అతుక్కున్నట్టు ఉండేది. కానీ కలకత్తా లీగ్ జరిగేది వర్షాకాలంలో. మైదానం బురదైతే ఒట్టి కాళ్లు జారిపోయేవి, బూట్ల జట్లది పైచేయి అయ్యేది. తడి నేల మీద బూట్లతో ఆడటం మొహమ్మదన్ ఆటగాళ్లు నేర్చుకున్నారు.

ఫలితం వెంటనే వచ్చింది. 1933లో రెండో డివిజన్ గెలిచి పైకి వచ్చిన జట్టు, 1934లో మొదటి డివిజన్‌లో అడుగుపెట్టిన తొలి ఏడాదే చాంపియన్ అయింది. అక్కడితో ఆగలేదు. 1938 వరకు వరుసగా ఐదేళ్లు లీగ్ దానిదే. 1936లో లీగ్‌తో పాటు ఐఎఫ్ఏ షీల్డ్ కూడా గెలిచింది.

ఈ విజయాలు ఆట వరకే పరిమితం కాలేదు. బెంగాల్ ముస్లింలు, ముఖ్యంగా పేదలు, చిన్న ఉద్యోగులు, విద్యార్థులు దీన్ని తమ జట్టుగా గుండెకు హత్తుకున్నారు. బెంగాల్ బయట కూడా ముస్లిం యువకులు ఈ పేరుతో క్లబ్‌లు పెట్టుకున్నారు. ఢాకా మొహమ్మదన్ 1936లో అలా పుట్టిందే, నేటికీ బంగ్లాదేశ్‌లో పెద్ద క్లబ్. అయితే అది దేశంలో మతపరమైన రాజకీయాలు వేడెక్కుతున్న కాలం. గ్యాలరీల్లో ఆ వేడి కనిపించేది. ఫుట్‌బాల్ సంఘంతో వివాదాలు వచ్చి 1939లో క్లబ్ లీగ్ మధ్యలోనే తప్పుకుంది. అయితే ఆ ఏడాది తప్పుకున్నది మొహమ్మదన్ ఒక్కటే కాదు, ఈస్ట్ బెంగాల్, కాళీఘాట్ కూడా బయటికి వచ్చాయి. ఆ సీజన్‌లో మోహన్ బగాన్ తన తొలి లీగ్ గెలుచుకుంది.

సెల్టిక్‌లో ఒట్టి కాళ్ల సలీం

ఆ విజయాల జట్టులో మొహమ్మద్ సలీం అనే వింగర్ ఉండేవాడు. 1936లో ఒక బంధువు ప్రోత్సాహంతో స్కాట్లాండ్ వెళ్లి ప్రఖ్యాత సెల్టిక్ క్లబ్ తలుపు తట్టాడు. బూట్లు వద్దన్నాడు. క్లబ్ ట్రైనర్ జిమ్మీ మెక్‌మెనెమీ అతని పాదాలకు బ్యాండేజీలు చుడుతున్న ఫొటో ఇప్పటికీ సెల్టిక్ అభిమానులకు పరిచయమే. సలీం సెల్టిక్ రెండో జట్టు తరఫున హామిల్టన్, గాల్‌స్టన్ జట్లపై రెండు మ్యాచ్‌లు ఆడాడు. అక్కడి పత్రికలు అతని ఆటను గారడీతో పోల్చాయి. ఉండిపొమ్మని క్లబ్ అడిగినా ఇంటి మీద బెంగతో తిరిగి వచ్చేశాడు. ఐరోపా క్లబ్‌కు ఆడిన తొలి భారత ఉపఖండ ఆటగాడిగా చరిత్రలో నిలిచాడు.

1940: ఒకే ఏడాది మూడు

క్లబ్ చరిత్రలో 1940కి సాటి వచ్చే ఏడాది లేదు. లీగ్ మళ్లీ చేతికి వచ్చింది. బొంబాయిలో రోవర్స్ కప్ ఫైనల్‌లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టును ఓడించింది. ఇదే బెంగళూరు ముస్లిమ్స్ 1937 ఫైనల్‌లో మొహమ్మదన్‌ను ఓడించి, రోవర్స్ గెలిచిన తొలి భారతీయ జట్టు అయింది.

ఇక డిసెంబర్‌లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్. 1888లో సిమ్లాలో మొదలైన ఈ టోర్నీని అప్పటిదాకా ఏ భారతీయ జట్టూ గెలవలేదు. ఫైనల్‌లో ఎదురుగా నిలిచింది రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్. మొహమ్మదన్ 2-1తో గెలిచింది. సైన్యం కోసం సైన్యం పెట్టుకున్న కప్పు మామూలు భారతీయుల చేతికి వచ్చిన రోజు అది. 1941లో లీగ్, షీల్డ్ రెండూ, 1942లో మళ్లీ షీల్డ్ గెలిచింది.

విభజన దెబ్బ, హైదరాబాద్ అండ

1947 విభజన క్లబ్‌ను గట్టిగా దెబ్బతీసింది. ఆటగాళ్లు, అభిమానులు, డబ్బు సాయం చేసేవాళ్లు పెద్దసంఖ్యలో సరిహద్దు దాటిపోయారు. అయినా 1948లో లీగ్ గెలిచింది. 1957లో మళ్లీ లీగ్, షీల్డ్ రెండూ, 1956, 1959ల్లో రోవర్స్ కప్ తెచ్చింది. 1960లో ఢాకాలో ఆగాఖాన్ గోల్డ్ కప్ గెలిచింది. విదేశీ గడ్డ మీద ఒక భారతీయ క్లబ్ గెలిచిన తొలి ట్రోఫీగా దాన్ని చెబుతారు. 1960ల్లో ముస్లిమేతర ఆటగాళ్లకు కూడా తలుపులు తెరిచింది.

అప్పటికి హైదరాబాద్ దేశంలోనే గొప్ప ఫుట్‌బాల్ కేంద్రం. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం చేతిలో తయారైన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఈ నగరం గల్లీల నుంచి కోల్‌కతాకు ఆటగాళ్లు వెళ్తూనే ఉన్నారు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ మూడు పెద్ద క్లబ్‌లకూ ఆడాడు. మైదాన్‌లో 'బడే మియా' అని ప్రేమగా పిలిపించుకున్న మొహమ్మద్ హబీబ్ కూడా అంతే. 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన హబీబ్, మొహమ్మదన్ జెర్సీలోనూ కష్టపడ్డాడు. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. తమ్ముడు అక్బర్ కూడా ఈ క్లబ్‌కు ఆడాడు. 1974లో ఆసియా యూత్ టైటిల్‌ను ఇరాన్‌తో పంచుకున్న భారత జట్టు కెప్టెన్ షబ్బీర్ అలీది మొహమ్మదన్‌తో ఏళ్ల తరబడి అనుబంధం. ఆయనకు 2011లో ధ్యాన్‌చంద్ అవార్డు దక్కింది.

వెలుగు తగ్గిన కాలం

1981లో లీగ్, 1983, 1984ల్లో వరుసగా ఫెడరేషన్ కప్, 1984, 1987ల్లో రోవర్స్ కప్ గెలిచాక క్లబ్ జోరు తగ్గింది. ఇరాన్‌కు చెందిన మజీద్ బిష్కర్, నైజీరియాకు చెందిన చీమా ఒకోరీ వంటి వాళ్లు ఇక్కడ ఆడింది ఆ దశాబ్దంలోనే. తర్వాత జాతీయ లీగ్‌లు వచ్చాయి. ఆటలోకి స్పాన్సర్లు, పెద్ద జీతాలు వచ్చాయి. మిగతా రెండు క్లబ్‌లు పెద్ద కంపెనీలను తెచ్చుకోగా మొహమ్మదన్ వెనకబడింది. 2013లో 73 ఏళ్ల తర్వాత డ్యూరాండ్ కప్, 2014లో ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచినా, అదే 2014లో డబ్బు లేక సీనియర్ జట్టునే ఆపేస్తున్నామని ప్రకటించాల్సి వచ్చింది. అభిమానులకు లోటు ఎప్పుడూ లేదు. లోటంతా నిర్వహణలోనే.

మళ్లీ పైకి

2020లో కొత్త పెట్టుబడి వచ్చింది. 2021లో రైల్వే ఎఫ్‌సీని ఫైనల్‌లో 1-0తో ఓడించి 40 ఏళ్ల తర్వాత కలకత్తా లీగ్ అందుకుంది. 2022, 2023ల్లో కూడా గెలిచి హ్యాట్రిక్ కొట్టింది. 2022 మేలో ఐ-లీగ్ చివరి మ్యాచ్‌లో గోకులం కేరళ చేతిలో ఓడి టైటిల్ పోగొట్టుకుంది. కానీ 2024 ఏప్రిల్‌లో రష్యా కోచ్ ఆండ్రీ చెర్నిషోవ్ ఆధ్వర్యంలో షిల్లాంగ్ లాజాంగ్‌పై గెలిచి ఐ-లీగ్ చాంపియన్ అయింది. దాంతో ఇండియన్ సూపర్ లీగ్‌లో చోటు దక్కింది.

అక్కడ మొదటి సీజన్ చేదుగా గడిచింది. సొంతూళ్లోనే హైదరాబాద్ ఎఫ్‌సీ చేతిలో 0-4తో ఓడింది. జీతాల బకాయిల గొడవలు మొదలయ్యాయి, కోచ్ మధ్యలోనే వెళ్లిపోయాడు. 13 జట్లలో ఆఖరి స్థానం మిగిలింది. 1934లో జట్టును పైకి తెచ్చింది మంచి ఎంపిక, ముందుచూపు, ఆటగాళ్లకు కావాల్సినవి సమకూర్చడం. ఇప్పుడు క్లబ్‌కు కావాల్సింది కూడా అవే.

ముఖ్య విజయాలు

కలకత్తా లీగ్ (14): 1934, 1935, 1936, 1937, 1938, 1940, 1941, 1948, 1957, 1967, 1981, 2021, 2022, 2023
ఐఎఫ్ఏ షీల్డ్ (6): 1936, 1941, 1942, 1957, 1971, 2014
రోవర్స్ కప్ (6): 1940, 1956, 1959, 1980 (ఈస్ట్ బెంగాల్‌తో కలిసి), 1984, 1987
డ్యూరాండ్ కప్ (2): 1940, 2013
ఫెడరేషన్ కప్ (2): 1983, 1984
ఆగాఖాన్ గోల్డ్ కప్: 1960
ఐ-లీగ్: 2023-24